జ్యామితీయ సిద్ధాంతం: నిర్మాణం, నిరూపణ

బిందువులు, రేఖలు, కోణాలు, వైశాల్యాల గురించి చెప్పిన ఒక మాటను, ముందే ఒప్పుకున్న మాటల నుంచి తర్కం తప్పకుండా రాబట్టగలిగితే దాన్ని జ్యామితీయ సిద్ధాంతం అంటారు. అలా రాబట్టే క్రమమే ఉపపత్తి, లేదా నిరూపణ. కొలిచి తెలుసుకున్న సంగతి వేరు, నిరూపించిన సంగతి వేరు. వెయ్యి త్రిభుజాల కోణాలు కొలిచి ప్రతిసారీ మొత్తం 180 డిగ్రీలు వచ్చిందని రాసుకున్నా, వెయ్యిన్నొకటో త్రిభుజానికి ఆ పుస్తకం హామీ ఇవ్వదు. కొలబద్దకు సన్నని గీత కంటే తక్కువ తేడా కనిపించదు కూడా. ఉపపత్తి ఒక్క త్రిభుజాన్నీ కొలవకుండానే అన్ని త్రిభుజాల సంగతీ తేల్చేస్తుంది. అయితే అది ఏ షరతుల మీద తేల్చిందో కూడా చెబుతుంది. సిద్ధాంతం బలం ఆ షరతుల్లోనే ఉంది.

సిద్ధాంతాల నిర్మాణం, నిరూపణ పద్ధతులు, వాటి చరిత్ర ఈ వ్యాసంలోని విషయాలు. ఉదాహరణలు వీలైనంతవరకు తెలుగు నేల నుంచి, ముఖ్యంగా రంగారెడ్డి జిల్లాలోని మహేశ్వరం, శంషాబాద్ పరిసరాల నుంచి తీసుకున్నవి.

సిద్ధాంతంలోని భాగాలు

ప్రతి సిద్ధాంతాన్నీ ‘ఇలా ఉంటే, అలా ఉంటుంది’ అనే రూపంలోకి తేవచ్చు. ‘సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం’ అన్న వాక్యంలో ‘ఉంటే’ అన్న మాట పైకి కనిపించదు. విడదీసి చూస్తే మాత్రం, ఒక త్రిభుజంలో రెండు భుజాలు సమానమైతే వాటి ఎదుటి కోణాలు సమానం అన్న షరతు బయటపడుతుంది. మొదటి సగం దత్తాంశం, అంటే మనకు ఇచ్చినది. రెండో సగం సారాంశం, అంటే మనం నిరూపించవలసినది. కథకు సారాంశం రాయడం వేరు, జ్యామితిలో సారాంశం వేరు. ఇక్కడ అది గమ్యం పేరు.

తెలుగు బడి పుస్తకాల్లో సిద్ధాంతాన్ని రాసే వరస స్థిరపడి ఉంది. మొదట సిద్ధాంత వాక్యం, తర్వాత దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. పటంలో లేని గీతను మనంతట మనం గీసుకుంటే అది నిర్మాణం. అవసరం లేనప్పుడు ఆ మెట్టు ఉండదు. ఈ వరసకు మూలం చాలా పాతది. సామాన్య శకం 5వ శతాబ్దంలో గ్రీకు వ్యాఖ్యాత ప్రోక్లస్ యూక్లిడ్ గ్రంథానికి వ్యాఖ్య రాస్తూ సిద్ధాంతాన్ని ఆరు భాగాలు చేశాడు. సాధారణ వాక్యం చెప్పడం, దాన్ని ఒక పటం మీద పేర్లు పెట్టి చూపడం, ఆ పటంలో ఏది తేలాలో చెప్పడం, అదనపు గీతలు గీయడం, వాదించడం, చివరికి సాధారణ వాక్యాన్ని మళ్లీ ప్రకటించడం. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ వాక్యం ఒకటే. మధ్యలో దాని హోదా మారింది.

సిద్ధాంతానికి బంధువులైన మాటలు మరికొన్ని ఉన్నాయి. పెద్ద నిరూపణకు మెట్టుగా వాడే చిన్న ఫలితం సహాయక సిద్ధాంతం. నిరూపించిన దాని నుంచి పెద్ద శ్రమ లేకుండా రాలిపడేది ఉపసిద్ధాంతం. నిజమని తోచినా ఇంకా నిరూపణ దొరకని మాట ప్రకల్పన. పేరులో చిన్నతనం ఉన్నా పనిలో ఉండనక్కర్లేదు. 2010 ఆగస్టు 19 నుంచి 27 వరకు హైదరాబాద్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభలో ఫీల్డ్స్ పతకం అందుకున్న నలుగురిలో ఎన్గో బావ్ చౌ ఒకరు. ఆయనకు ఆ గౌరవం తెచ్చింది ‘ఫండమెంటల్ లెమ్మా’ అనే ఒక సహాయక సిద్ధాంతానికి ఇచ్చిన నిరూపణ.

పునాది రాళ్లు

ఒక మాటను నిరూపించడానికి ఇంకో మాట కావాలి, దానికి మరొకటి కావాలి. ఈ వెనకడుగు ఎక్కడో ఆగకపోతే నిరూపణ మొదలే కాదు. అందుకే జ్యామితి కొన్నిటిని వాదన లేకుండా ఒప్పుకుని బయల్దేరుతుంది. బిందువు, రేఖ, తలం వంటివి అనిర్వచిత పదాలు. వాటి ఆధారంగా చెప్పేవి నిర్వచనాలు. వాటి మధ్య సంబంధాల గురించి నిరూపణ లేకుండా ఒప్పుకునేవి స్వీకృతాలు.

ఈ పద్ధతికి మొదటి పెద్ద నమూనా, సామాన్య శకానికి ముందు 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన ‘ఎలిమెంట్స్’. అందులో 13 భాగాలు, 465 ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటి భాగం 23 నిర్వచనాలు, 5 స్వీకృతాలు, 5 సామాన్య భావనలతో మొదలవుతుంది. 48 ప్రతిపాదనలతో ముగుస్తుంది. వాటిలో 47వది పైథాగరస్ సిద్ధాంతం, 48వది దాని విపర్యయం. ప్రతి ప్రతిపాదనా తన ముందున్న వాటినే వాడుకోవాలి, తన తర్వాత వచ్చేదాన్ని తాకకూడదు. గోడలో పై వరస ఇటుక కింది వరస మీదే కూర్చున్నట్టు ఈ అమరిక ఉంటుంది.

ఒక ఉపపత్తి నడక

త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలు అన్న సిద్ధాంతాన్ని బడి వరసలోనే చూద్దాం.

దత్తాంశం: కగచ ఒక త్రిభుజం.

సారాంశం: క, గ, చ శీర్షాల దగ్గరి కోణాల మొత్తం 180 డిగ్రీలు.

నిర్మాణం: క శీర్షం గుండా గచ భుజానికి సమాంతరంగా ఒక రేఖ గీయాలి.

ఉపపత్తి: కగ భుజం ఈ రెండు సమాంతర రేఖలకూ తిర్యగ్రేఖ. కనుక గ దగ్గరి కోణం, క దగ్గర దాని ఏకాంతర కోణానికి సమానం. ఇదే కారణంగా, కచ తిర్యగ్రేఖ వల్ల చ దగ్గరి కోణం కూడా క దగ్గరి తన ఏకాంతర కోణానికి సమానం. ఇప్పుడు క దగ్గర మూడు కోణాలు పక్కపక్కన చేరి ఒక సరళకోణం అయ్యాయి. సరళకోణం 180 డిగ్రీలు. కనుక త్రిభుజంలోని కోణాల మొత్తం 180 డిగ్రీలు.

ఇక్కడ పని జరిగింది నిర్మాణంలో. దూరదూరంగా ఉన్న మూడు కోణాలను ఒక్క గీత ఒక చోటికి చేర్చింది. ఉపపత్తిలో ప్రతి వాక్యం వెనుకా ఒక కారణం ఉంది. సమాంతర రేఖల మధ్య ఏకాంతర కోణాలు సమానమన్నది వాటిలో కీలకం. అది, తర్వాత చూడబోయే యూక్లిడ్ ఐదో స్వీకృతం మీద ఆధారపడ్డ ఫలితం. ఆ స్వీకృతాన్ని తీసేస్తే ఈ సిద్ధాంతం కూలిపోతుంది. ఉపపత్తి చదివేవారు అడగవలసిన ప్రశ్న కూడా ఇదే. ఇచ్చిన ప్రతి షరతూ ఎక్కడ ఖర్చయింది? ఖర్చు కాని షరతు మిగిలితే ఆ సిద్ధాంతాన్ని ఇంకా విశాలంగా చెప్పవచ్చు. లేని షరతును ఖర్చు చేసి ఉంటే నిరూపణ తప్పు.

దత్తాంశం జారిపోతే: పొలం లెక్క

తెలంగాణలో పొలం లెక్క ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. అంటే 121 చదరపు గజాలు. 40 గుంటలు ఒక ఎకరం, 4,840 చదరపు గజాలు. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయ్యాక మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ వైపు పట్టా పుస్తకంలో ఎకరాలు, గుంటలుగా ఉన్న నేల ప్లాట్లుగా మారి చదరపు గజాల్లోకి వచ్చింది. గజం విలువ పెరిగినకొద్దీ, వైశాల్యం కట్టే సూత్రం ఏ షరతు మీద నిలబడిందన్న ప్రశ్న డబ్బు ప్రశ్న అయింది.

నాలుగు వైపుల పొలానికి నోటి లెక్క ఒకటి పాతకాలం నుంచీ ఉంది. ఎదురెదురు వైపులను కూడి సగం చేయడం, వచ్చిన రెండు సగటులను హెచ్చవేయడం. నాలుగు వైపులా 65 గజాలున్న పొలానికి ఈ లెక్కన 65 × 65, అంటే 4,225 చదరపు గజాలు వస్తాయి. దాదాపు 35 గుంటలు. కానీ ఆ పొలం చదరం కాకుండా ఏటవాలుగా ఒరిగి, ఒక కర్ణం 120 గజాలు, ఇంకోటి 50 గజాలు ఉంటే? సమచతుర్భుజం వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం. అంటే 3,000 చదరపు గజాలు, 25 గుంటల కంటే కొంచెం తక్కువ. కొలిచిన నాలుగు వైపులూ సరైనవే. తేడా మాత్రం పది గుంటలు. నోటి లెక్క దీర్ఘచతురస్రానికి నిజం, దాని దత్తాంశంలో లంబకోణం ఉంది. ఆ షరతును వదిలేసి సూత్రాన్ని మాత్రం వెంట తీసుకుపోవడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఈ జారుడు పెద్ద పండితుల గ్రంథాల్లోనూ ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు చతుర్భుజానికి సగటుల స్థూల సూత్రాన్నీ, నాలుగు భుజాలతోనే వైశాల్యం తేల్చే మరో సూక్ష్మ సూత్రాన్నీ ఇచ్చాడు. రెండోది చక్రీయ చతుర్భుజానికే, అంటే నాలుగు శీర్షాలూ ఒకే వృత్తం మీద ఉన్నదానికే వర్తిస్తుంది. ఆ షరతు సూత్రంలో స్పష్టంగా లేదు. మన 65 గజాల ఒరిగిన పొలానికి ఆ సూక్ష్మ సూత్రం వేసినా 4,225 చదరపు గజాలే వస్తాయి. 1150లో ‘లీలావతి’ రాసిన భాస్కరాచార్యుడు, భుజాలు అవే ఉన్నా కర్ణం మారితే వైశాల్యం మారుతుందని చూపించి, కర్ణమో లంబమో చెప్పకుండా వైశాల్యం అడగడాన్ని గట్టిగా తప్పుపట్టాడు. పొలాన్ని త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా విడగొట్టి కొలిచే సర్వేయర్ల పద్ధతికి ఆధారం ఇదే. త్రిభుజానికి మూడు భుజాలు ఇస్తే ఆకారం మారే వీలు లేదు. చతుర్భుజానికి నాలుగు ఇచ్చినా ఉంది.

నిరూపణ పద్ధతులు

ప్రత్యక్ష నిరూపణ: దత్తాంశం నుంచి సారాంశం వరకు నేరుగా నడవడం. పునాది గీసేటప్పుడు ఎదురెదురు వైపులు సమానంగా పెట్టి, ఆపైన మూలల నుంచి మూలలకు తాడు పట్టి రెండు కర్ణాలూ సరిపోయాయో లేదో మేస్త్రీలు చూస్తారు. ఎదురు భుజాలు సమానమై, కర్ణాలు కూడా సమానమైతే అది దీర్ఘచతురస్రమన్న సిద్ధాంతం దాని వెనుక ఉంది. పక్కపక్క మూలల్లో ఏర్పడే రెండు త్రిభుజాలకు ఒక భుజం ఉమ్మడి, ఒక జత ఎదురు భుజాలు, ఒక జత కర్ణాలు. మూడు జతలూ సమానం. భు.భు.భు. నియమం ప్రకారం అవి సర్వసమానం. కనుక పక్కపక్క మూలల కోణాలు సమానం. ఎదురు భుజాలు సమానం కాబట్టి ఆకారం సమాంతర చతుర్భుజం, దానిలో పక్క కోణాల మొత్తం 180 డిగ్రీలు. సమానమైన రెండు కోణాలు కలిసి 180 అయితే ఒక్కొక్కటి 90.

పరోక్ష నిరూపణ: సారాంశం అబద్ధమనుకుని బయల్దేరి విరుద్ధతకు చేరడం. రేఖకు బయట ఉన్న బిందువు నుంచి ఆ రేఖకు ఒకే లంబం గీయగలమని చెప్పాలి. రెండు లంబాలు ఉన్నాయనుకుందాం. ఆ బిందువు, రెండు లంబపాదాలు కలిసి ఒక త్రిభుజం అవుతాయి. దానిలో రెండు కోణాలు లంబకోణాలు, మూడోది సున్నా కంటే ఎక్కువ. మొత్తం 180 దాటింది. ఇది పైన నిరూపించిన సిద్ధాంతానికి విరుద్ధం. కనుక మొదట అనుకున్నదే తప్పు.

ప్రత్యుదాహరణ: ఒక మాట అబద్ధమని తేల్చడానికి ఒక్క ఉదాహరణ చాలు. వైశాల్యాలు సమానమైన త్రిభుజాలన్నీ సర్వసమానమని ఎవరైనా అంటే, భుజాలు 5, 5, 6 ఉన్న త్రిభుజాన్నీ 5, 5, 8 ఉన్న త్రిభుజాన్నీ పక్కపక్కన పెట్టాలి. రెండిటి వైశాల్యమూ 12. ఒకదాని మీద ఒకటి మాత్రం కూర్చోవు.

విపర్యయం: సిద్ధాంతంలో దత్తాంశాన్ని, సారాంశాన్ని తారుమారు చేస్తే వచ్చేది విపర్యయం. దానికి వేరే నిరూపణ కావాలి. సర్వసమాన త్రిభుజాల వైశాల్యాలు సమానమన్నది నిజమైనా, దాని విపర్యయం అబద్ధమని పై ఉదాహరణలో తేలింది. పైథాగరస్ సిద్ధాంతానికి మాత్రం విపర్యయం కూడా నిజం. పనిలో ఎక్కువగా అక్కరకొచ్చేదీ అదే. మేస్త్రీ ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్య దూరం 5 అడుగులు వస్తే మూలమట్టం కుదిరిందంటాడు. అతనికి లంబకోణం ముందే ఇవ్వలేదు, దాన్ని రాబడుతున్నాడు. అంటే వాడుతున్నది సిద్ధాంతాన్ని కాదు, విపర్యయాన్ని. నిరూపణ చిన్నది. అవే రెండు లంబ భుజాలతో నిజమైన లంబకోణ త్రిభుజాన్ని వేరుగా గీస్తే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం దాని కర్ణం కూడా 5 అడుగులే. రెండు త్రిభుజాలకూ మూడు భుజాలు సమానం కనుక అవి సర్వసమానం. మొదటిదానిలోనూ లంబకోణం ఉన్నట్టే.

తెలిసిన సిద్ధాంతాన్ని పిలవడం: చాలా నిరూపణలు పాత ఫలితాన్ని కొత్త చోట వాడుకోవడంతోనే ముగుస్తాయి. ఎంత వంకర చతుర్భుజమైనా నాలుగు వైపుల మధ్యబిందువులను వరసగా కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు వారిగ్నోన్ పేరుతో 1731లో అచ్చయిన సిద్ధాంతం ఇది. ఒక కర్ణం గీస్తే పొలం రెండు త్రిభుజాలవుతుంది. ఒక్కో త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే గీత, మూడో భుజానికి సమాంతరంగా, దానిలో సగం ఉంటుందన్నది మధ్యబిందు సిద్ధాంతం. ఇక్కడ రెండు త్రిభుజాలకూ మూడో భుజం ఆ కర్ణమే. కనుక ఎదురెదురు గీతలు రెండూ సమాంతరం, సమానం. పని అయిపోయింది.

నిరూపకాలతో: 1637లో రెనె దెకార్త్ ప్రచురించిన పద్ధతి వల్ల బిందువులు సంఖ్యల జతలయ్యాయి, రేఖలు సమీకరణాలయ్యాయి. ఏ గీత గీయాలో తోచనప్పుడు ఈ దారి అక్కరకొస్తుంది. శ్రమ పెరిగినా దారి తప్పదు.

నిరూపణ దొరికే క్రమం, రాసే క్రమం ఒకటి కావు. వెతికేటప్పుడు చాలామంది సారాంశం నుంచి వెనక్కి నడుస్తారు. ఇది రావాలంటే ఏది కావాలి, అది రావాలంటే ఏది కావాలి అని. దత్తాంశం తగిలాక దారిని తిప్పి రాస్తారు. 4వ శతాబ్దపు పాపస్ ఈ రెండు నడకలనూ విశ్లేషణ, సంశ్లేషణ అని వేరుచేసి చూపించాడు. చదివేవారికి రెండోదే కనిపిస్తుంది కనుక, నిర్మాణంలోని గీత ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది.

తాడు నుంచి ఉపపత్తి దాకా

తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో చాలామంది ప్రవర చెప్పేటప్పుడు తమది ఆపస్తంబ సూత్రమంటారు. ఆ సంప్రదాయంలోనిదే ఆపస్తంబ శుల్బసూత్రం. శుల్బమంటే తాడు. యజ్ఞవేదికలను తాళ్లతో, మేకులతో నేల మీద గీయడం దాని విషయం. 3-4-5, 5-12-13, 8-15-17, 12-35-37 కొలతల త్రిభుజాలు అందులో వేదిక గీయడానికి వాడుకున్నవే. చదరపు కర్ణానికి ఇచ్చిన కొలత భుజానికి 577/408 రెట్లు. ఇది √2 విలువతో ఐదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది.

శుల్బసూత్రాలు ఎక్కువగా చేసే విధానం చెబుతాయి, కారణం చెప్పవు. ఆపస్తంబుడు ఒకచోట మాత్రం కారణం కూడా చూపించాడు. సోమయాగపు మహావేది పడమటి వైపు 30 పదాలు (పదం ఒక పొడవు కొలత), తూర్పు వైపు 24, మధ్యరేఖ 36 ఉన్న సమద్విబాహు సమలంబ చతుర్భుజం. దాని వైశాల్యం 972 అని చెప్పి ఎలా వచ్చిందో వివరించాడు. దక్షిణపు తూర్పు మూల నుంచి పడమటి భుజం మీదకు, మధ్యరేఖకు 12 పదాల దూరంలో గీత దించితే బయటి వైపు 3 పదాల వెడల్పు, 36 పదాల పొడవు ఉన్న త్రిభుజం తెగుతుంది. దాన్ని తిరగవేసి ఉత్తరం వైపు అతికిస్తే మొత్తం దీర్ఘచతురస్రమవుతుంది. వెడల్పు 27, పొడవు 36, లబ్ధం 972. ముక్కను కోసి కదిలించినా వైశాల్యం మారదన్న ఒక్క ఒప్పుకోలు మీద నిలిచిన వాదన ఇది. కొలతలు మార్చినా వాదన మారదు. అందుకే దీన్ని కేవలం లెక్క అనలేం, ఉపపత్తి అనాలి.

అదే సమలంబ చతుర్భుజం 1876లో అమెరికాలో ఇంకో పని చేసింది. తర్వాత ఆ దేశ అధ్యక్షుడైన జేమ్స్ గార్ఫీల్డ్, ఒకే లంబకోణ త్రిభుజానికి రెండు ప్రతులు తీసుకుని, కర్ణాల మధ్య లంబకోణం వచ్చేలా నిలబెట్టి సమలంబ చతుర్భుజం చేశాడు. దాని వైశాల్యం సూత్రం ప్రకారం రెండు లంబ భుజాల మొత్తపు వర్గంలో సగం. ముక్కలుగా చూస్తే రెండు త్రిభుజాలు, కర్ణవర్గంలో సగం ఉన్న మరో త్రిభుజం. రెండు లెక్కలనూ సమానం చేస్తే పైథాగరస్ సిద్ధాంతం తేలుతుంది.

తెలుగులో గణితం 11వ శతాబ్దంలో పావులూరి మల్లనతో మొదలైంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణిత సార సంగ్రహం’ ఆయనకు ఆధారం. మహావీరుడు క్షేత్రగణితంలో ఫలాన్ని రెండు రకాలుగా, వ్యవహారానికి సరిపోయే స్థూల ఫలం, నిక్కచ్చి అయిన సూక్ష్మ ఫలం అని విడగొట్టాడు. ఇలాంటి గ్రంథాల తీరు సూత్రం చెప్పి ఉదాహరణ ఇవ్వడం. ఎందుకన్నది గురువు నోట, వ్యాఖ్యానాల్లో దొరికేది. ఆ వివరణకు సంస్కృత వ్యాఖ్యాతలు పెట్టిన పేరు ఉపపత్తి. 1545లో గణేశ దైవజ్ఞుడు ‘లీలావతి’కి రాసిన వ్యాఖ్యలో ఇలాంటి ఉపపత్తులు ఉన్నాయి. కేరళలో 1530 ప్రాంతంలో జ్యేష్ఠదేవుడు మలయాళంలో రాసిన ‘యుక్తిభాష’ ఇంకా ముందుకు వెళ్లి, నిరూపణలనే గ్రంథ విషయంగా తీసుకుంది.

యూక్లిడ్ ఈ దేశానికి అరబ్బీ దారిన వచ్చాడు. జైపూర్ సవాయి జయసింహుని కొలువులో జగన్నాథ సమ్రాట్టు 1718 ప్రాంతంలో నసీరుద్దీన్ తూసీ అరబ్బీ కూర్పు ఆధారంగా ‘రేఖాగణితం’ పేరుతో సంస్కృతం చేశాడు. తెలుగు బడి పుస్తకంలో ఇప్పుడు కనిపించే సిద్ధాంతం నడక యూక్లిడ్‌ది. దాని చివరి మెట్టుకున్న ఉపపత్తి అనే పేరు మాత్రం మన వ్యాఖ్యాతలది.

ఐదో స్వీకృతం, శంషాబాద్ రన్‌వేలు

యూక్లిడ్ ఐదో స్వీకృతాన్ని ఇప్పటి బడి రూపంలో చెబితే, రేఖకు బయట ఉన్న బిందువు గుండా దానికి ఒకే సమాంతర రేఖ ఉంటుంది. ఈ రూపం 1795లో జాన్ ప్లేఫేర్ వల్ల ప్రచారమైంది. మిగతా నాలుగు స్వీకృతాల కంటే ఇది బరువైనది కనుక, దీన్ని వాటి నుంచే నిరూపించాలని రెండు వేల ఏళ్లు ప్రయత్నించారు. 1733లో సకేరీ పరోక్ష నిరూపణకు దిగి, విరుద్ధత రాకపోయినా వచ్చిందనుకుని ఆగిపోయాడు. 1829లో లోబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ ఈ స్వీకృతం లేని జ్యామితులను ధైర్యంగా ప్రచురించారు. స్వీకృతం మారితే సిద్ధాంతాలు మారుతాయి, వాదనా విధానం మారదు.

భూగోళం మీద దీన్ని చూడవచ్చు. శంషాబాద్ విమానాశ్రయంలో 4,260 మీటర్లు, 3,707 మీటర్ల పొడవున్న రెండు సమాంతర రన్‌వేలు ఉన్నాయి. రెండిటికీ 09-27 సంఖ్యలే, అంటే తూర్పు-పడమర దిశ. రెండూ ఉత్తర-దక్షిణ రేఖకు సరిగ్గా లంబంగా ఉన్నాయనుకుని, తూర్పుకు వంపు లేకుండా పొడిగించుకుంటూ పోదాం. గోళం మీద వంపు లేని దారి అంటే మహావృత్తం. ఆ రెండు దారులూ సుమారు 10,000 కిలోమీటర్లు నడిచి, పసిఫిక్ సముద్రంలో నౌరు దీవికి తూర్పున భూమధ్యరేఖ మీద కలుసుకుంటాయి. గోళం మీద సమాంతర మహావృత్తాలే లేవు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖకు ఎన్ని లంబాలైనా గీయవచ్చు. పైన పరోక్షంగా నిరూపించిన ‘ఒకే లంబం’ సిద్ధాంతం అక్కడ చెల్లదు. ధ్రువం నుంచి 90 డిగ్రీల ఎడంతో రెండు రేఖాంశాలు దించితే భూమధ్యరేఖతో ఏర్పడే త్రిభుజంలో మూడూ లంబకోణాలే, మొత్తం 270 డిగ్రీలు.

దక్కన్ సర్వే చేసినవారికి ఈ తేడా కాగితం మీది సంగతి కాదు. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, త్రిభుజాల గొలుసుగా ఉత్తరానికి సాగి నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1815లో బీదర్ దగ్గర ఆధార రేఖ కొలిచారు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ లాంబ్టన్‌కు సహాయకుడయ్యాడు. పెద్ద త్రిభుజాల కోణాల మొత్తం 180 డిగ్రీలను కొన్ని సెకన్లు దాటుతుంది కనుక, గోళాధిక్యం పేరుతో దాన్ని లెక్కకట్టి సరిచేసేవారు. సుమారు 197 చదరపు కిలోమీటర్ల త్రిభుజానికి ఆ ఆధిక్యం ఒక సెకను. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూగర్భజలాలను అధ్యయనం చేసిన మహేశ్వరం వాటర్‌షెడ్ సుమారు 53 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద త్రిభుజంలోనూ ఆధిక్యం సెకనులో పావు వంతుకు కాస్త ఎక్కువ. ప్లాటు కొలతకు సమతల జ్యామితి చాలన్న నమ్మకానికి ఆధారం ఈ లెక్క.

పటం మోసం, యంత్రం తనిఖీ

యూక్లిడ్‌లోనూ సందులు ఉన్నాయి. మొదటి ప్రతిపాదనలో సమబాహు త్రిభుజం గీయడానికి రెండు వృత్తాలు గీసి, అవి ఖండించుకునే బిందువును తీసుకుంటాడు. ఖండించుకుంటాయని ఏ స్వీకృతమూ చెప్పలేదు, పటం చెప్పింది. పటాన్ని నమ్మితే ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే అని ‘నిరూపించే’ పేరుపడ్డ వాదన కూడా ఒకటుంది. అందులో మెట్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. త్రిభుజం బయట పడవలసిన బిందువును లోపల గీయడమే మోసం. 1899లో డేవిడ్ హిల్బర్ట్ ఇలాంటి సందులు పూడ్చి, బిందువుల వరస, మధ్యస్థితి వంటి వాటికి కూడా స్వీకృతాలు రాశాడు. పటం సాయానికే గాని సాక్ష్యానికి పనికిరాదన్నది అప్పటి నుంచి స్థిరమైన నియమం.

పటాన్ని చూడలేని యంత్రానికి ఈ నియమం బాగా నప్పింది. రోడ్డు పక్క బండి మీద బత్తాయిలు పేర్చే తీరు కంటే గోళాలను దట్టంగా పేర్చలేమన్న కెప్లర్ ప్రకల్పనకు 1998లో థామస్ హేల్స్ కంప్యూటర్ సాయంతో నిరూపణ ఇచ్చాడు. పరిశీలకులు పూర్తిగా తేల్చలేకపోవడంతో, ప్రతి మెట్టునూ స్వీకృతాల దాకా యంత్రం చేత తనిఖీ చేయించే పని చేపట్టి 2014లో ముగించారు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ ప్రకటించిన ఆల్ఫాజామెట్రీ, అంతర్జాతీయ ఒలింపియాడ్‌లోని 30 జ్యామితి సమస్యల్లో 25 సాధించింది. మెట్లు అల్లే పని తర్క యంత్రానిది. ఏ కొత్త గీత గీయాలో సూచించే పని భాషా నమూనాది. అంటే యంత్రానికి కూడా కష్టమైనది ఉపపత్తి కంటే నిర్మాణమే.

తెలుగు బడిలో

తెలంగాణ 9వ తరగతి గణిత పుస్తకంలో ‘జ్యామితీయ మూలాలు’, ‘గణితంలో నిరూపణలు’ అనే అధ్యాయాలు ఉన్నాయి. 10వ తరగతిలో ‘సరూప త్రిభుజాలు’ అధ్యాయంలో థేల్స్ పేరుతో పిలిచే ప్రాథమిక అనుపాత సిద్ధాంతం, పైథాగరస్ సిద్ధాంతం, దాని విపర్యయం నిరూపణలతో సహా వస్తాయి. పరీక్ష కోసం ఉపపత్తిని కంఠస్థం చేసే పిల్లలు ఎక్కువగా తప్పేది ఒక్కచోట, కారణాలు రాయవలసిన చోట. దత్తాంశంలోని ఒక్కో షరతునూ కొట్టేస్తూ, అది లేకపోతే ఏ మెట్టు విరుగుతుందో చూపమంటే కంఠస్థం పనికిరాదు, అర్థం కావలసిందే. 65 గజాల పొలంలో పది గుంటలు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నతో పాఠం మొదలుపెడితే, దత్తాంశమన్న మాటకు అర్థం బోర్డు మీద రాయనక్కర్లేదు.